తాన్యా రైన్‌హార్ట్: సిలబస్‌లో కనిపించే పేరు, పాలస్తీనా పుస్తకం మీద ఉన్న పేరు ఒకరిదేనా?

ప్రశ్న: తార్నాక_శ్రావ్య

భాషాశాస్త్రం ఎం.ఏ. రెండో సంవత్సరం చదువుతున్నాను. సెమినార్‌కు నాకు వచ్చిన అంశం తెలుగు సర్వనామాలు. ‘అతను’, ‘తను’, ‘తనను తాను’ అనేవి ఏ వాక్యంలో ఎవరిని సూచిస్తాయి, ఎవరిని సూచించలేవు అన్నది చెప్పాలి. దీని మీద ఏ వ్యాసం తెరిచినా రెండో పేజీలోపే తాన్యా రైన్‌హార్ట్ పేరు ఎదురవుతుంది. 1976లో ఎం.ఐ.టి.కి సమర్పించిన సిద్ధాంత గ్రంథం, 1983 నాటి పుస్తకం, ఎరిక్ రాయ్‌లాండ్‌తో కలిసి 1993లో రాసిన వ్యాసం. వీటిని పక్కన పెట్టి ఈ అంశం గురించి మాట్లాడటం కుదరదని అర్థమైంది. ఎక్కడో ప్రశాంతమైన ఊళ్ళో కూర్చుని జీవితమంతా వాక్యంలో ఏ పదం దేనికింద ఉందో చూపే చెట్టుబొమ్మలు గీసిన మనిషి అయి ఉంటారనుకున్నాను.

మొన్న ఆదివారం అబిడ్స్‌లో ఫుట్‌పాత్ మీది పాత పుస్తకాలు తిరగేస్తుంటే అదే పేరుతో ఇంకో పుస్తకం దొరికింది. ఇజ్రాయెల్, పాలస్తీనాల గురించి; 1948 యుద్ధాన్ని ముగించడం ఎలా అన్నది దాని ఉపశీర్షిక; 2002లో వచ్చింది. ఇంటిపేరు కలిసింది అంతే అనుకుని పక్కన పెట్టబోయాను. వెనక అట్ట చూస్తే టెల్ అవీవ్ విశ్వవిద్యాలయంలో భాషాశాస్త్ర ఆచార్యులు అని ఉంది. సగం వరకు చదివాను. తన దేశ ప్రభుత్వాన్ని, సైన్యాన్ని అంత సూటిగా నిలదీసిన రచన ఆ దేశపు ఆచార్యుల నుంచి వస్తుందని నేను ఊహించలేదు.

నా సందేహాలు ఇవి. ఆమె దేశంలో ఆమెను ఎలా చూశారు? ఈ రెండు పనులకూ లోపల ఏదైనా లంకె ఉందా, లేక ఉదయం ఒక ఉద్యోగం, సాయంత్రం ఇంకొకటా? మా క్లాసులో ఎవరికీ ఈ రెండో సంగతి తెలియదు. సెమినార్‌లో ఒక మాట చెబుదామంటే, వాక్యనిర్మాణం దగ్గర రాజకీయం ఎందుకని గైడుగారు అన్నారు. ఆయన అన్నదీ సబబుగానే ఉంది, నాకు మాత్రం వదిలేయాలని లేదు. తెలిసినవాళ్ళు చెప్పగలరు.

---

నల్లకుంట_రాజు

వికీపీడియాలో పేజీ ఉందండీ. 1943 జూలైలో పుట్టారు, 2007 మార్చి 17న పోయారు. సెమినార్‌లో సర్వనామాల గురించే చెప్పుకోండి. మార్కులు వేసేది మీ గైడు, యూదులూ కాదు, పాలస్తీనీయులూ కాదు.

---

మౌలాలి_మాస్టారు

అమ్మా శ్రావ్యా, రాజుగారి సలహా మార్కుల వరకు పనికొస్తుంది. మీరు అడిగింది మార్కుల గురించి కాదు కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తున్నాను. ఈ ఊళ్ళోనే చాలాకాలం వాక్యనిర్మాణం చెప్పి రిటైరైనవాణ్ణి. ఇప్పుడు నా పొడుగు వ్యాఖ్యలు చదివేవాళ్ళు ఇంట్లో ఎవరూ లేరు.

ముందు ఆమె చేసిన పని. అది తెలియకపోతే ఆమె పరువు ఎంతో, దాన్ని దేనికి ఖర్చుపెట్టారో అర్థం కాదు.

‘అతను రవి పుస్తకం చదివాడు’ అనండి. ఆ ‘అతను’ రవి కాడు, ఇంకెవరో. ‘అతని అమ్మ రవిని తిట్టింది’ అనండి. ఇక్కడ ‘అతని’ అంటే రవి కావచ్చు, అడ్డేమీ లేదు. రెండు వాక్యాల్లోనూ సర్వనామమే ముందు వచ్చింది, పేరు తర్వాత వచ్చింది. మరి తేడా ఎక్కడ? ఆమెకు ముందు లాంగకర్ వంటి భాషావేత్తలు ఏది ముందు, ఏది వెనుక అన్నదాన్ని కూడా లెక్కలోకి తీసుకుని సూత్రం కట్టారు. రైన్‌హార్ట్ ఆ వరసను పక్కన పెట్టేశారు. వాక్యపు చెట్టులో ఎవరు ఎక్కడ కూర్చున్నారన్నదే చూడమన్నారు. ఒక పదానికి తన తోబుట్టువు మీద, ఆ తోబుట్టువు పిల్లల మీద, మనవల మీద అధికారం ఉంటుంది; మేనమామ ఇంటి మీద ఉండదు. మొదటి వాక్యంలో ‘అతను’ అనే కర్తకు మిగతా వాక్యమంతా తోబుట్టువు, ‘రవి’ దాని కడుపులో ఉన్నాడు. రెండో వాక్యంలో ‘అతని’ అన్నది ‘అమ్మ’ దగ్గరే ఆగిపోయింది, రవిదాకా దాని చెయ్యి అందదు. ఇదే సి-కమాండ్. ఆ పేరు సూచించింది క్లెమెంట్స్ అనే ఇంకో భాషావేత్త అని ఆమే చెప్పుకున్నారు. మీరు ఇవాళ చదివే ప్రతి వాక్యనిర్మాణ పుస్తకంలోనూ ఈ భావన ఇటుకలా ఉంది. ఎంతగా కలిసిపోయిందంటే, చాలామంది ఆమె పేరు కూడా చెప్పకుండానే వాడేస్తారు.

1983 పుస్తకంలో ఇంకో అడుగు వేశారు. ‘ప్రతి కాకికీ తన పిల్ల ముద్దే’ అన్నప్పుడు ఆ ‘తన’ ఏ ఒక్క కాకినీ చూపించదు. కాకి మారితే అదీ మారుతుంది. ‘రవి వచ్చాడు, అతనికి జ్వరం’ అన్నప్పటి ‘అతను’ అలాంటిది కాదు, అది ఒక మనిషిని వేలు పెట్టి చూపిస్తుంది. పైకి ఒకేలా కనిపించే ఈ రెండూ వేర్వేరు యంత్రాంగాలని, మొదటిదే వ్యాకరణపు సొత్తని, రెండోదాంట్లో సందర్భానికీ ఇంగితానికీ పెద్ద వాటా ఉందని ఆమె తేల్చారు. 80లలో ఆ పుస్తకం ఇక్కడ అందరికీ దొరికేది కాదు. జిరాక్స్ తీసినదానికి జిరాక్స్ తీసి, అంచుల్లో అక్షరాలు తెగిపోయిన కాగితాలు పంచుకుని చదివాం. సీఫెల్‌లో (ఇప్పటి ఇఫ్లూ) చదివినవాళ్ళ దగ్గరా, ఉస్మానియాలో చదివినవాళ్ళ దగ్గరా అవే కాగితాలు.

ఇక మనిషి. హైఫాలో పెరిగారు. జెరూసలేంలోని హీబ్రూ విశ్వవిద్యాలయంలో తత్వశాస్త్రం, సాహిత్యం చదువుకుని ఎం.ఐ.టి.కి వెళ్ళి భాషావేత్త, రాజకీయ విమర్శకుడు కూడా అయిన చామ్‌స్కీ బృందంలో చేరారు. డాక్టరేటు అయ్యాక తిరిగి వచ్చి టెల్ అవీవ్‌లో దశాబ్దాలపాటు పాఠం చెప్పారు. హాలండులోని ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయంతో కూడా అనుబంధం ఉండేది. భర్త ఆహరోన్ షబ్తాయ్, కవి. గ్రీకు విషాద నాటకాలను హీబ్రూలోకి తెచ్చినవాడు. పారిస్ పుస్తక ప్రదర్శన 2008లో ఇజ్రాయెల్‌ను గౌరవ అతిథిగా పిలిస్తే ఆయన నేను రానన్నాడు. అప్పటికి ఆమె పోయి ఏడాది అయింది. ఆ ఇంటి వాతావరణం మీకు కాస్త అందుతుందని చెబుతున్నాను.

రెండో పేరు ఆమెకు వచ్చింది పత్రికల ద్వారా. యెదియోత్ అహరోనోత్ అక్కడ ఇంటింటికీ వెళ్ళే దినపత్రిక. అందులో ఆమె కాలమ్ వచ్చేది. 1993లో ఓస్లో ఒప్పందం మీద ఇజ్రాయెల్ ప్రధాని రాబిన్, పాలస్తీనా నేత అరాఫత్ చేతులు కలిపినప్పుడు ప్రపంచమంతా చప్పట్లు కొట్టింది, శాంతి కోరుకునే ఇజ్రాయెలీలైతే మరీనూ. ఆ సంబరం వేడి మీద ఉండగానే ఇది శాంతి కాదు, పాలస్తీనా భూభాగాల ఆక్రమణకే కొత్త కట్టడం అని రాసిన కొద్దిమందిలో ఆమె ఒకరు. అక్కడే సొంత శిబిరంతో ఆమెకు చెడింది. ఆమె మీద కోపం కుడిపక్షపు మితవాదులదే అనుకుంటే పొరపాటు. మితవాదులు ఆమెను ఎప్పుడూ లెక్కలో వేసుకోలేదు. అసలు నొచ్చుకున్నది ఉదారవాదులు. ఓస్లో వాళ్ళు కట్టుకున్న ఇల్లు మరి.

మీరు కొన్న 2002 పుస్తకం 2000 నాటి క్యాంప్ డేవిడ్ చర్చల తర్వాతిది. అప్పటి ఇజ్రాయెల్ ప్రధాని బరాక్ దాదాపు అంతా ఇస్తానన్నాడు, అరాఫత్ కాలదన్నాడు అన్న కథ అప్పటికి అందరి నోళ్ళలోనూ స్థిరపడిపోయింది. ఆమె ఆ కథను ముక్కలు చేశారు. ఎలా? రహస్య పత్రాలతో కాదు. హీబ్రూ దినపత్రికల్లో అప్పటికే అచ్చయిన వార్తలు, మ్యాపులు, మంత్రుల మాటలు పక్కపక్కన పెట్టి, ఇస్తామన్న ఈ భూమి శాతం ఈ మ్యాపుతో ఎలా పొసగుతుందని అడిగారు. తూర్పు జెరూసలేం ఇస్తామన్న మాట వెనుక ఉన్నది నగరం పక్కనున్న అబూ దీస్ అనే ఊరని చూపించారు. ఆమె నిర్ణయాలతో మీరు ఏకీభవించనక్కరలేదు, నేనూ అన్నిటితో ఏకీభవించను. మీరు లంకె ఏమిటని అడిగారే, నాకు అది ఇక్కడ కనిపిస్తుంది. సర్వనామాల విషయంలో అందరూ ఒప్పుకున్న సూత్రాన్ని పక్కనే ఉన్న వాక్యంతో పడగొట్టినట్టే ఇక్కడ అందరూ ఒప్పుకున్న కథను అదే పత్రిక లోపలి పేజీతో పడగొట్టారు.

అంతకు మించి లంకె కోసం వెతకొద్దని నా మనవి. వ్యాకరణం నుంచి రాజకీయం పుడుతుందని చామ్‌స్కీ కూడా ఎప్పుడూ గట్టిగా అనలేదు, అడిగిన ప్రతిసారీ ఆ లంకెను పలచన చేశాడు. సి-కమాండ్ బాగా వచ్చినవాళ్ళలో అన్ని పార్టీలవాళ్ళూ ఉంటారు. మా బ్యాచ్‌లోనే ఉన్నారు.

2006లో రెండు పుస్తకాలు వచ్చాయి. ఒకటి వాక్యనిర్మాణానికీ అర్థానికీ సందర్భానికీ మధ్య సరిహద్దుల మీద, ఎం.ఐ.టి. ప్రెస్ వేసింది. ఇంకొకటి బుష్ కాలపు శాంతి ప్రణాళిక ‘రోడ్ మ్యాప్’ ఎక్కడికీ చేరదని చెప్పేది, వెర్సో వేసింది. ఒకే ఏడు, ఒకే కలం. మొదటిది చదివినవాళ్ళలో ఎంతమంది రెండోది తెరిచి ఉంటారు? 2002 ప్రాంతంలో బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో పాలస్తీనా మీద ఒక సభకు వెళ్ళాను. వక్త ఒకరు ఆమె వ్యాసాన్ని ప్రస్తావించారు. పక్కన కూర్చున్న మిత్రుడితో, ఈమె సూత్రం రేపు పొద్దున క్లాసులో చెప్పాలి అన్నాను. ‘ఏ సూత్రం? ఆవిడ జర్నలిస్టు కదా’ అన్నాడు.

2006 చివర్లో టెల్ అవీవ్ ఉద్యోగం, దేశం రెండూ వదిలి న్యూయార్క్ వెళ్ళారు. అక్కడి విశ్వవిద్యాలయంలో పాఠం మొదలుపెట్టిన కొద్ది నెలలకే పక్షవాతంతో నిద్రలోనే పోయారు. 63 ఏళ్ళు.

---

ఉప్పల్_నర్సయ్య

మాస్టారుగారికి నమస్కారం. నేను చదువుకున్నది పదో తరగతి. ఈ చర్చలో సర్వనామాల భాగం నాకు అందలేదు, ఆ దేశం సంగతి మాత్రం కొంత తెలుసు. మాది జగిత్యాల దగ్గర ఊరు. 2004లో ఏజెంటుకు డబ్బు కట్టి ఇజ్రాయెల్ వెళ్ళాను, ముసలివాళ్ళను చూసుకునే పని. మన తెలంగాణ వాళ్ళు అక్కడ చాలామంది ఇదే పనిలో ఉన్నారు. రమత్‌గన్‌లో ఒక పెద్దావిడ దగ్గర ఉండేవాణ్ణి. రుమేనియా నుంచి చిన్నప్పుడు వచ్చినావిడ, బడిలో టీచరుగా చేసి రిటైరయ్యారు.

శ్రావ్యగారు ‘ఆమె దేశంలో ఎలా చూశారు’ అని అడిగారు. ఈ ప్రొఫెసర్‌గారి పేరు నేను అప్పుడు విన్నానో లేదో చెప్పలేను, నాకు హీబ్రూ మాట్లాడటమే వచ్చు, చదవడం రాదు. కానీ అలాంటివాళ్ళను ఎలా చూస్తారో ఆ ఇంట్లో ప్రతి శుక్రవారం రాత్రి చూసేవాణ్ణి. కొడుకు, కోడలు, మనవడు భోజనానికి వచ్చేవారు. పెద్దావిడ పేపరు భూతద్దం పెట్టి మొదటి నుంచి చివరిదాకా చదివేవారు. ఏదో వ్యాసం గురించి ఎత్తగానే కొడుకు గొంతు పెంచేవాడు. ‘స్మోలాని’ అనేవాడు. వామపక్షం మనిషి అని అర్థమట, ఆయన నోట్లో మాత్రం తిట్టే. మనవడు అప్పుడే సైన్యంలో చేరాడు, ఏమీ అనేవాడు కాదు, తిని లేచిపోయేవాడు. పెద్దావిడ మాత్రం ‘అచ్చయింది కదా, చదివి తిట్టు’ అనేవారు.

ఆవిడ చెల్లెలు జెరూసలేంలో ఉండేవారు. తీసుకెళ్ళినప్పుడు పారిస్ స్క్వేర్ అనే కూడలిలో నల్లబట్టల ఆడవాళ్ళను చూశాను. శుక్రవారం మధ్యాహ్నం వచ్చి నిలబడతారు. అరచేతి ఆకారంలో నల్లటి అట్టముక్క, దాని మీద తెల్లటి అక్షరాలతో ఆక్రమణ ఆపండి అని ఉంటుంది. నినాదాలు ఏమీ ఉండవు. కార్లలో వెళ్ళేవాళ్ళు అద్దం దించి తిట్టిపోయేవారు, కొందరు ఉమ్మేవారు కూడా. ఎక్కువమంది పెద్ద వయసువాళ్ళే. నేను ఎండలో వాళ్ళకు నీళ్ళు ఇవ్వబోతే పెద్దావిడ నా చెయ్యి పట్టి ఆపారు. ‘నీ వీసా’ అన్నారు. అంతే.

కాబట్టి నాకు తెలిసినంతలో, ఆ దేశంలో అలాంటి మాట అనేవాళ్ళు ఉన్నారు, అచ్చువేసే పేపరు ఉంది, ఇంట్లో దాని మీద గొడవా ఉంది. జైల్లో వేసేవారని కొందరు ఇక్కడ రాస్తుంటారు, యూదులైన వాళ్ళ విషయంలో అది నేను చూడలేదు. అరబ్బుల సంగతి వేరు, దాని గురించి చెప్పేంత నాకు తెలియదు.

---

బర్కత్‌పుర_వకీలు

నర్సయ్యగారు రాసింది ఈ చర్చలో ఇప్పటివరకు నాకు బాగా నచ్చింది. మాస్టారుగారు మాత్రం ఒక పెద్ద విషయాన్ని దాటేశారు, తెలియక కాదనుకుంటాను. ఆమె మీద అసలు వివాదం కాలమ్‌ల గురించి కాదు, బహిష్కరణ గురించి.

2002 ఏప్రిల్‌లో బ్రిటన్‌లో స్టీవెన్ రోజ్, హిలరీ రోజ్ దంపతులు ఇజ్రాయెల్ విద్యాసంస్థలతో యూరప్ సంబంధాల మీద మారటోరియం (తాత్కాలిక నిలుపుదల) కోరుతూ లేఖ ప్రచురించారు. రైన్‌హార్ట్ అలాంటి బహిష్కరణను సమర్థించారు. అంటే తను జీతం తీసుకుంటున్న విశ్వవిద్యాలయాన్ని వెలివేయమని బయటివాళ్ళకు చెప్పడం. దీన్ని ఖండించింది మితవాదులు మాత్రమే అయితే నేను పట్టించుకునేవాణ్ణి కాదు. బరూఖ్ కిమర్లింగ్ ఖండించాడు. హీబ్రూ విశ్వవిద్యాలయంలో సమాజశాస్త్రవేత్త, అప్పటి ప్రధాని షరాన్ విధానాల మీద ఆమెకు తీసిపోని ఘాటుతో పుస్తకం రాసినవాడు. ఆ దేశంలో అసమ్మతికి మిగిలిన కాస్త చోటు విశ్వవిద్యాలయమే, దాన్నే ఊపిరాడకుండా చేస్తే ఎవరికి లాభం అన్నది ఆయన వాదన సారం.

ఆచరణలో ఏమైంది? అదే ఏడు ఇంగ్లండులో మోనా బేకర్ అనే అనువాద శాస్త్ర ఆచార్యురాలు తన పత్రికల నుంచి ఇద్దరు ఇజ్రాయెలీ పండితులను తొలగించారు. ఒకరు గిడియోన్ టూరీ. రెండోవారు మిరియం ష్లెసింగర్, ఆమ్నెస్టీ ఇజ్రాయెల్ శాఖకు ఒకప్పుడు అధ్యక్షురాలు! మానవ హక్కుల కోసం పనిచేసిన మనిషే దెబ్బతిన్నారు. సంస్థలనే అంటున్నాం, వ్యక్తులను కాదు అని ఎంత చెప్పినా దెబ్బ తగిలేది మనిషికే. కోర్టులో రోజూ చూస్తాను ఇది, తీర్పు కంపెనీ మీద వస్తుంది, రోడ్డున పడేది గుమాస్తా.

మన దగ్గరే పోల్చుకోండి. బాలగోపాల్ గణితంలో డాక్టరేటు చేసి 1981 నుంచి 1985 వరకు కాకతీయ విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పారు. తర్వాత పూర్తిగా హక్కుల పనిలోకి వచ్చారు, ఆపైన న్యాయవాది అయ్యారు. రాజ్యాన్ని ఎంత నిలదీశారో, 90లలో సాయుధ పోరాట పక్షాన్నీ అంతే నిలదీసి పాత పౌరహక్కుల సంఘం నుంచి బయటికి వచ్చారు. ఆయన ఎవరినీ మన విశ్వవిద్యాలయాలను వెలివేయమని అడగలేదు. రైన్‌హార్ట్ ధైర్యాన్ని నేను కాదనను. ఆ ధైర్యం చూసి ఆమె ఎంచుకున్న ఆయుధం కూడా మంచిదే అనుకోవడం దగ్గరే నాకు అభ్యంతరం.

---

తార్నాక_శ్రావ్య

అందరికీ ధన్యవాదాలు. నర్సయ్యగారూ, మీరు రాసింది మా రూమ్మేట్లకు చదివి వినిపించాను. వకీలుగారు చెప్పిన ష్లెసింగర్ సంగతి చదివాక నాకు కాస్త ఇబ్బందిగా ఉంది. మాస్టారూ, దీనికి రైన్‌హార్ట్ ఏమన్నారు? ఇంకో మాట, ‘తనను తాను’ గురించి మీరు ఏమీ చెప్పలేదు, నా సెమినార్‌లో సగం అదే.

---

మౌలాలి_మాస్టారు

వకీలుగారూ, దాటేశానన్నది నిజమే. మీలాంటివారు ఎవరో ఒకరు ఎత్తుతారని తెలుసు, నా వ్యాఖ్య అప్పటికే పొడుగైంది.

కిమర్లింగ్‌కు ఆమె 2002 మేలోనే బహిరంగంగా జవాబు రాశారు, ఒక కామ్రేడ్‌కు జవాబు అన్నట్టుగానే, మర్యాదగా. ఆ ఏడు చివర పారిస్ 6 విశ్వవిద్యాలయం ఇజ్రాయెల్‌తో సహకారం మీద తీర్మానం చేసినప్పుడు మళ్ళీ రాశారు. ఆమె వాదనలో మొదటి భాగం దక్షిణాఫ్రికా. అక్కడి విశ్వవిద్యాలయాలను ప్రపంచం వెలివేసినప్పుడు వాటిలోనూ వర్ణవివక్షను వ్యతిరేకించినవాళ్ళు ఉన్నారు కదా, అప్పుడు న్యాయమైనది ఇప్పుడెందుకు కాదు అని. దీనికి మీరు జవాబు చెప్పగలరు, రెండు దేశాలూ ఒకటి కాదంటారు.

రెండో భాగానికి జవాబు చెప్పడం కష్టం. విశ్వవిద్యాలయం అసమ్మతికి చోటు అంటున్నారు సరే, సంస్థగా అది ఏం చేసింది అని ఆమె అడిగారు. బీర్ జైత్ విశ్వవిద్యాలయాన్ని సైన్యం 1988 జనవరిలో మూసింది, 1992 దాకా తెరవనివ్వలేదు. నాలుగేళ్ళు. పాలస్తీనా కళాశాలలు ఇలా పదే పదే మూతపడుతుంటే, తోటి విద్యాసంస్థ మూతపడిందని ఇజ్రాయెల్ విశ్వవిద్యాలయాల సెనేట్ ఒక్కటైనా నిరసన తీర్మానం చేసిందా అన్నది ఆమె ప్రశ్న. విద్యా స్వేచ్ఛ గురించి మాట్లాడేవాళ్ళు ఎవరి విద్య, ఎవరి స్వేచ్ఛ అని చెప్పాలి కదా. ఆచార్యులు విడివిడిగా మంచివాళ్ళు కావచ్చు, సెనేట్ మాత్రం మౌనంగా ఉంది.

ష్లెసింగర్ విషయంలో మీ మాటే సరైనదని నా అభిప్రాయం. ఆ తొలగింపు నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. సంస్థ, వ్యక్తి అన్న గీత కాగితం మీద గీసినంత తేలిగ్గా నేల మీద నిలవదు. 2005 ఏప్రిల్‌లో బ్రిటన్ అధ్యాపకుల సంఘం హైఫా, బార్ ఇలాన్ విశ్వవిద్యాలయాలను బహిష్కరిస్తూ తీర్మానించి, నెల దాటిన కొద్దిరోజులకే, మేలో తనే రద్దు చేసుకుంది. అంటే ఆ చిక్కు వాళ్ళకూ తేలలేదు.

బాలగోపాల్ పోలిక మాత్రం నాకు కుదరలేదు. ఆయన ఉద్యోగం వదిలాక పూర్తిగా ఒకే పని చేశారు. గణితంలో తర్వాతి తరం ఆయన మీద ఆధారపడలేదు. రైన్‌హార్ట్ చివరి ఏడు దాకా రెండు పనులూ పక్కపక్కనే చేశారు, రెండింటిలోనూ ముందు వరసలో ఉన్నారు. నాకు గుర్తొచ్చేది గిడుగు రామమూర్తి పంతులు. సవర భాషకు నిఘంటువు, వ్యాకరణం రాసినవాడు, వ్యావహారికం కోసం జీవితమంతా కొట్లాడినవాడు. 1936లో పర్లాకిమిడిని ఒరిస్సాలో కలిపినప్పుడు ఆ వయసులో ఊరు వదిలి రాజమండ్రి వచ్చేశారు. పండితుడు వేరు, ఉద్యమకారుడు వేరు అని గిడుగు విషయంలో మనం ఎప్పుడూ అనం. ఎందుకంటే ఆయన పోరాడింది ఎక్కువగా భాష కోసమే, మనకు ఇబ్బంది లేదు. ఈమె పోరాడింది నేల గురించి, అదీ సొంత ప్రభుత్వంతో. అందుకని ఆమెను రెండు ముక్కలు చేసి, మనకు పనికొచ్చే ముక్క సిలబస్‌లో పెట్టుకున్నాం. వకీలుగారు ఈ పోలికనూ కొట్టిపారేయవచ్చు, ఫీజు లేకుండా.

ఒక మాట ఆమె పక్షాన కూడా చెప్పాలి. చివరి పుస్తకంలో ఆమె చాలా చోటు ఇచ్చింది వెస్ట్ బ్యాంక్‌లో ఇజ్రాయెల్ కడుతున్న గోడ దగ్గరి ఊళ్ళకు. బిల్‌ఇన్ అనే ఊళ్ళో 2005 నుంచి ప్రతి శుక్రవారం పాలస్తీనా రైతులు, ఇజ్రాయెలీ యువకులు కలిసి తమ పొలాల మీదుగా వెళ్తున్న కంచెకు అడ్డంగా నడిచేవారు. ఇలాంటి ఉమ్మడి పోరాటం మీదే ఆమెకు ఆశ ఉండేది. ఆమె పోయిన ఆరు నెలలకు, 2007 సెప్టెంబరు 4న, ఇజ్రాయెల్ సుప్రీంకోర్టే ఆ ఊరి దగ్గర కంచె దారి మార్చమని తీర్పు ఇచ్చింది. అమలు కావడానికి ఇంకా ఏళ్ళు పట్టింది, అది వేరే కథ.

సరే, శ్రావ్యా, ‘తనను తాను’. రాయ్‌లాండ్‌తో కలిసి రాసిన 1993 వ్యాసంలో ఉన్న ఆలోచన ఇది. పని చేసినవాడే ఆ పనికి గురి కూడా అయితే, ఆ సంగతి వాక్యంలో ఎక్కడో గుర్తు పెట్టాలి. క్రియ మీద పెట్టవచ్చు, లేదా సర్వనామం మీద పెట్టవచ్చు. డచ్చి, ఇంగ్లీషు వగైరా భాషలతో చూపించారు. మన భాషలో రెండు సరంజామాలూ ఉన్నాయి. ‘రవి తల దువ్వాడు’ అంటే ఎవరి తలో, ‘దువ్వుకున్నాడు’ అంటే తన తలే. అక్కడ సర్వనామమే లేదు, ‘కొను’ ఒక్కటే పని చేసింది. ‘రవి తనను తాను తిట్టుకున్నాడు’ అన్నప్పుడు రెండూ ఉన్నాయి. ‘తనను తాను తిట్టాడు’ అనండి, చెవికి ఏదో లోటుగా ఉంటుంది. సర్వనామం గుర్తు పెట్టేశాక క్రియ మీద మళ్ళీ ఎందుకు? ఆ వ్యాసం ప్రకారం ఒకటి చాలాలి. తెలుగు ఎందుకు రెండు అడుగుతోంది? మీ సెమినార్ దీని చుట్టూ తిప్పండి. 2000లో మూటన్ ప్రచురించిన దక్షిణాసియా భాషల సంకలనంలో కె.వి. సుబ్బారావు, లలితా మూర్తి రాసిన తెలుగు అధ్యాయం ఉంది, ముందు అది చదవండి. మీ ఇంట్లోవాళ్ళు మాట్లాడే వాక్యాలు కూడా రాసుకోండి. పుస్తకంలో ఉన్న ఉదాహరణలే మళ్ళీ చెబితే మీ గైడుగారికి నిద్ర వస్తుంది, నాకూ వచ్చేది.

రాజకీయం సంగతి. ఆయన అన్నది గౌరవించండి, వాక్యాల మధ్య దాన్ని తేవద్దు. మొదట ఆమె పరిచయం చెప్పేటప్పుడు ఎం.ఐ.టి., టెల్ అవీవ్, ఉట్రెక్ట్ అని ఎలాగూ అంటారు. అక్కడే 2002 పుస్తకం పేరు, 2006లో ఉద్యోగం వదిలిన సంగతి కలపండి. బహిష్కరణను సమర్థించారని, అందుకు సొంతవాళ్ళే తప్పుపట్టారని కూడా చెప్పండి, సగం చెప్పకండి. ఎవరైనా లేచి వాదిస్తే సెమినార్ అయ్యాక టీ దగ్గర మాట్లాడదాం అనండి. వీలైతే వకీలుగారిని కూడా పిలవండి, బర్కత్‌పుర నుంచి తార్నాక పెద్ద దూరం కాదు.